పొట్టు తిరగేసిందెవరు?

కోళ్ళ షెడ్డు పక్క ఇల్లు,
సోమవారం.

గౌరవనీయులైన ఆడపడుచు గారికి,

పని పడితే తప్ప నేను నీకు ‘గారు’ తగిలించనని నీకు తెలుసు. కాబట్టి కూర్చుని చదువు. ఫోను చేయొచ్చు కదా అంటావు. మన ఇంట్లో ఫోనులో మాట్లాడటమంటే వరండాలో మైకు పెట్టుకున్నట్టే. నేను ‘హలో’ అనకముందే మీ అన్నయ్య ‘ఎవరే అది?’ అంటాడు. పైగా మీ కోళ్ళ కోత గదిలో పగలంతా నిన్ను ఫోను ముట్టుకోనివ్వరు. అందుకే దీన్ని దాణా లారీ మీసాలాయన చేతికిచ్చాను. ఆయన మాకు దాణా దించి ఎలాగూ మీ కేంద్రానికే వస్తాడు.

మీ అన్నయ్యకు దగ్గు ఉందని నీకు తెలుసు. తెలియనిది చెబుతున్నాను. పోయిన వారం మేడ మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. ఏమైందంటే ‘చెప్పు తెగింది’ అన్నాడు. చెప్పు చూస్తే నిక్షేపంలా ఉంది. లాక్కెళ్ళి డాక్టరమ్మకు చూపించాను. ఆవిడ ఫోటో తీయించి, గొట్టంలోకి ఊదించి, “ఈయన ఎక్కడ పనిచేస్తారమ్మా?” అని నన్నడిగింది. కోళ్ళ షెడ్డులో అన్నాను. ఎన్నాళ్ళ నుంచి అంటే, మా పెళ్ళికి ముందు నుంచీ అన్నాను. నేల మీద పరిచే వరిపొట్టు దుమ్ము, రెట్ట ఘాటు కలిసి ఊపిరితిత్తుల్ని తినేశాయట. ఇప్పుడు మానేస్తే మిగిలినదాంతో హాయిగానే బతకొచ్చట. మానకపోతే మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు తప్పదట. ‘షెడ్డులో అడుగు పెట్టరాదు’ అని రాసి కింద రెండు గీతలు గీసింది.

మీ అన్నయ్య ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, “డాక్టర్లకేం, చెప్తారు. మరి కోళ్ళకెవరు చెప్తారు?” అన్నాడు. ఇంటికొచ్చాక నా నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. పెట్టాడు, మొహం మాత్రం మాడిపోయిన అట్టులా ఉంది.

ఇప్పుడు షెడ్డు సంగతి తేల్చాలి. మూసేద్దామా అంటే, ఈయన కోళ్ళ మొహం చూడకుండా ఒక్క పూట ఉండలేడు. ఉన్నది ఉన్నట్టు ఉంచుదామా అంటే, ఆ పొట్టు నేలను రోజూ తిరగేసే మనిషి ఈయనే. అడకత్తెరలో పోకచెక్కనయ్యాననుకో. కోడిపిల్లల్ని ఇచ్చే కంపెనీ సూపర్‌వైజరేమో నేల మీద పొట్టు తీసేసి ప్లాస్టిక్ జాలీతో మంచె వేసెయ్యమంటాడు, రెట్ట కిందికి జారిపోతుంది, దుమ్ముండదు అంటాడు. డాక్టరమ్మేమో “పక్కగోడకు తలుపులు పెట్టి కోళ్ళను పెరట్లోకి వదలకూడదా?” అంటుంది. ఎవరి మాట వినను?

అందుకని ఈసారి షెడ్డును వలతో మూడు గదులు చేస్తున్నాను. ఒకటి జాలీ గది. ఒకటి మామూలు పొట్టు గది. మూడోదాంట్లోనూ పొట్టే, కానీ పెరట్లోకి తలుపు. ఏ గదిలో కోడి బాగా పెరిగిందో ఇక్కడి కాటా చెబుతుంది. ఏ గది కోడిలో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది మాత్రం నీ కత్తే చెప్పాలి. నువ్వు చెప్పినదాన్ని బట్టి షెడ్డు మారుస్తాను. ఏది గెలిచినా సరే, మీ అన్నయ్య ఊపిరి నిలబడాలి. నాకింకేం అక్కర్లేదు.

నీ వదిన


కోత కేంద్రం, మేడ మీది గది,
గురువారం.

వదినా,

ఆ ‘గారు’ చూడగానే ఏదో జరిగిందని అర్థమైంది. అన్నయ్యకు ఇంత జరుగుతుంటే పోయిన నెల వచ్చినప్పుడు నాతో ఒక్క ముక్క చెప్పలేదు మీరిద్దరూ. దగ్గు ఇంత ముదిరిందని తెలియనివ్వకుండా పక్కకు తిరిగి నవ్వుతున్నట్టు నటించాడు, నేనూ వెర్రిదాన్లా నమ్మాను. నీ మీద కోపంగా ఉంది. తర్వాత తిడతాను, ముందు పని.

మూడు గదులకూ ఒకే రోజు పుట్టిన పిల్లలు, ఒకే దాణా, ఒకే లారీలో వచ్చిన పొట్టు ఉండాలి. ఒక గదికి ముద్దు, ఇంకో గదికి మొట్టికాయ అంటే కుదరదు. నీకు కాస్త పక్షపాతం ఎక్కువ, అందుకే చెబుతున్నాను. లారీ ఎక్కించేటప్పుడు గదికి పది కోళ్ళ చొప్పున ఏరి కాళ్ళకు రంగు దారాలు కట్టు. జాలీకి ఎరుపు, పొట్టుకు పసుపు, తలుపు గదికి ఆకుపచ్చ. ఈకలు పీకే దగ్గర నుంచి నా బల్ల దాకా వాటి వెంట నేనే ఉంటాను.

ఇన్నేళ్ళుగా రొమ్ము కండ ఒలుస్తున్నదాన్ని కదా, ఏం చూస్తానో చెబుతాను విను. జాలీ మీద పెరిగిన కోడి తింటుంది, పడుకుంటుంది. బరువు బాగానే వస్తుంది. కానీ ఆ గట్టి జాలీ మీద బోర్లా పడుకుని పడుకుని రొమ్ము మీద బొబ్బలు లేస్తాయి. ఆ ముక్క కోసి పారేయాలి. బయట తిరిగే కోడికి తొడలు గట్టిపడతాయి, పొట్ట కొవ్వు తగ్గుతుంది, కానీ పెరగడానికి ఇంకో వారం పడుతుంది, రొమ్ము కూడా కొంచెం చిన్నదే. పొట్టు నేల సంగతి పూర్తిగా మనిషి చేతిలో ఉంటుంది. రోజూ తిరగేసి పొడిగా ఉంచితే పట్టుపరుపే. వదిలేస్తే రెట్టకు తడిసి గడ్డకట్టి, కోడి అరికాళ్ళు నల్లగా మాడిపోతాయి. ఆ కాళ్ళు చూస్తే షెడ్డు యజమాని బద్ధకం ఎంతో చెప్పేయొచ్చు.

అన్నయ్యకు మందులు టైముకి ఇస్తున్నావా? షెడ్డు మాట ఎత్తినప్పుడు అలుగుతాడు, పట్టించుకోకు. అమ్మ మాటే వినని మొండివాడు, నీ మాట వింటున్నాడంటే నీకు దండం పెట్టాలి.

నీ ఆడపడుచు


కోళ్ళ షెడ్డు పక్క ఇల్లు,
ఆదివారం.

ఓ పక్షపాతం లేని తల్లీ,

కోడిపిల్లలకు రెక్కలొచ్చాయి, నా రెక్కలు విరిగాయి. ఉదయం దాణా, నీళ్ళు చూసి కుట్టు కేంద్రానికి పరుగెత్తుతాను. అక్కడ కొత్తగా చేరిన అమ్మాయిలు కుట్టిన వంకర కుట్లు విప్పించి, మధ్యాహ్నం ఇంటికొచ్చి మళ్ళీ కోళ్ళు. పొట్టు తిరగేయడం నాతో రోజూ అయ్యే పని కాదు, ఆదివారం ఆదివారం చేస్తున్నాను. రెండు గదులకూ ఒకేలా, ఒట్టు. ఈ ముళ్ళపార పట్టుకున్న రోజున నాకే దగ్గొస్తోంది, ఆయన రోజూ ఎలా చేశాడో దేవుడికెరుక.

జాలీ గది కోళ్ళు బుద్ధిమంతులు. తింటాయి, కూలబడతాయి. సూపర్‌వైజరు వచ్చినప్పుడల్లా వాటి దగ్గరే నిలబడి మురిసిపోతాడు. తలుపు గదివి ఉన్నాయే, వాటితో నా తల ప్రాణం తోకకొచ్చింది. తలుపు తీసి పెట్టాను, పెరట్లో గడ్డి ఉంది, ఎండ తగలకుండా వల కట్టాను. ఒక్కటంటే ఒక్కటి గడప దాటదు! గడప దగ్గరికొచ్చి మెడ చాచి చూసి, బయటేదో పులి ఉన్నట్టు వెనక్కి పరుగెడతాయి. నేను రెండు కోళ్ళను ఎత్తి బయట పెట్టాను. నాకంటే ముందు అవే లోపలికెళ్ళాయి. డాక్టరమ్మకు మందుల సంగతి తెలుసు గానీ కోళ్ళ సంగతి తెలియదు.

పొట్టు గది కోళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. నేను లోపలికెళ్తే చాలు, ఒక్కసారిగా లేచి దారి ఇస్తాయి. ఎంత మర్యాదో.

మీ అన్నయ్య వరండాలో అలిగిన అల్లుడిలా కూర్చుంటున్నాడు. మాట ఇచ్చాడుగా, షెడ్డు వైపు కన్నెత్తి చూడటం లేదు. దగ్గు మాత్రం తగ్గనంటోంది. రాత్రుళ్ళు దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. మందు పడలేదేమో, మార్పించాలి. ఒక్క మంచి మాట చెప్పనా? ఈమధ్య తన చొక్కాలు తనే ఉతుక్కుంటున్నాడు! నేను ఇంటికొచ్చేసరికి తీగ మీద ఆరేసి ఉంటుంది. నాకు పని ఎక్కువైందని కనిపెట్టి చేస్తున్నాడు కాబోలు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది తెలుసా?

నీ వదిన


కోత కేంద్రం, మేడ మీది గది,
శనివారం.

వదినా,

నీ దారాల కోళ్ళు చేరాయి. అన్నీ నా చేతి మీదుగానే కోశాను.

బరువులో ఎరుపు దారం, పసుపు దారం ఇంచుమించు సమానం. ఆకుపచ్చ తేలిక, నువ్వు మిగతావాటిని పంపకుండా ఇంకో వారం ఉంచుకోవడమే మంచిదైంది. ఎరుపువాటికి రొమ్ము పెద్దదే, కానీ పదింటిలో సగానికి బొబ్బలు, పొట్టలో అరచేతి నిండా కొవ్వు. ఒలిచి పారేసింది పోగా మిగిలిన రొమ్ము కండ లెక్క చూస్తే పసుపుదే పైచేయి. తొడ గట్టిగా ఉంది, కొవ్వు తక్కువ. అంటే పొట్టు గదే గెలిచినట్టు.

అయినా షెడ్డు సంగతి ఇప్పుడే ఏదీ తేల్చెయ్యకు. సూపర్‌వైజరుకు మాట ఇవ్వకు. ఇంకో లారీ వచ్చేదాకా ఆగు. ఎందుకని అడగకు, నేనే చెబుతాను.

మీసాలాయన దగ్గర ఇంకో కవరు ఉంది. అది అన్నయ్యకు. నువ్వు విప్పొద్దు. అన్నాచెల్లెళ్ళం ఏవో గొడవలు పడతాం, మధ్యలో నీకెందుకు?

నీ ఆడపడుచు


అదే గది, అదే రోజు.

అన్నయ్యా,

ఒక్క ప్రశ్న. పొట్టు తిరగేసిందెవరు?

వదిన రెండు పొట్టు గదులనూ ఆదివారాలు మాత్రమే తిరగేసింది. ఒకే లారీ పొట్టు, ఒకే దాణా. ఆకుపచ్చ దారం కోళ్ళ అరికాళ్ళు బొగ్గులా మాడిపోయి ఉన్నాయి. అది సహజం. పసుపు దారం కోళ్ళ కాళ్ళు మాత్రం అప్పుడే కడిగి తుడిచినట్టు ఉన్నాయి. పది కోళ్ళవీ తిప్పి తిప్పి చూశాను. ఎవరో రోజూ ముళ్ళపార పట్టుకుని ఆ ఒక్క గదిలోనే పొట్టు తిరగేశారు. పడుకున్న కోళ్ళను లేపి నడిపించారు. లేకపోతే ఆ తొడలు అలా రావు.

నీ చొక్కాలు నువ్వే ఉతుక్కుంటున్నావట. చిన్నప్పుడు చెమట చొక్కా నా నెత్తి మీద విసిరేసి ‘ఉతుకు’ అనే మనిషివి. పాపం, వదిన ముచ్చటపడి ఏడ్చిందట.

తేలు కుట్టిన దొంగలా ఊరుకోకు. జవాబు రాయి.

చెల్లి


షెడ్డు పక్క ఇల్లు,
బుధవారం.

చెల్లీ,

నువ్వు కోత గదిలో కాదమ్మా, పోలీసు ఠాణాలో ఉండాల్సింది. కోడి కాళ్ళు చూసి నన్ను పట్టుకున్నావు.

నేనే తిరగేశాను. మీ వదిన కుట్టు కేంద్రానికి వెళ్ళగానే ముక్కుకు తడి తువ్వాలు కట్టుకుని వెళ్ళేవాణ్ణి. తిరిగొచ్చి చొక్కా ఉతికేసేవాణ్ణి, వాసన పట్టేస్తుందని. అది చూసి ఆమె ముచ్చటపడుతుందని నేను అనుకోలేదు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. అయినా మరుసటి రోజు మళ్ళీ వెళ్ళాను.

ఎందుకంటావా? జాలీ గది చూశావా నువ్వు? దాణా గొట్టంలో వస్తుంది, నీళ్ళు గొట్టంలో వస్తాయి, రెట్ట కిందికి పోతుంది. అది గెలిస్తే షెడ్డుకు మనిషితో పనేముంది? నేను వరండాలో కుర్చీకి అతుక్కుపోయి, నా కోళ్ళ చప్పుడు గోడ అవతల నుంచి వింటూ కూర్చోవాలి. నా షెడ్డుకు నేనే చుట్టాన్నయ్యాను. పొట్టు గది గెలిస్తే ‘నువ్వు లేకపోతే కుదరదు, మాస్కు కట్టుకుని రా’ అని ఆమే పిలుస్తుందని ఆశపడ్డాను. పిచ్చి ఆశే. నడుస్తుంటే కోళ్ళు పాయలుగా విడిపోయి మళ్ళీ వెనక కలుస్తాయి చూడు, అందులో ఉన్నంతసేపూ నాకు జబ్బు ఉన్నట్టే అనిపించదు.

నీ దగ్గర దాచను. కిందటి వారం లోపల కళ్ళు తిరిగి దాణా తొట్టి పట్టుకుని కూలబడ్డాను. ఎంతసేపటికో ఊపిరి అందింది. కళ్ళు తెరిస్తే కోళ్ళు చుట్టూ చేరి నా చొక్కా గుండీలు పొడుస్తున్నాయి.

ఆమెకు చెప్పకు తల్లీ. పసుపు గెలిచిందని రాశావుగా, అక్కడితో వదిలెయ్యి. నీకు దండం పెడతాను.

అన్నయ్య


కోత కేంద్రం,
భోజనాల బల్ల దగ్గర, శుక్రవారం.

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాను. ఈ మధ్యాహ్నం నన్ను కత్తి పట్టుకోవద్దని పక్కనున్నామె పంపించేసింది. ఆ తొట్టి దగ్గర నువ్వు లేవకపోయి ఉంటే? వదిన మధ్యాహ్నం ఇంటికొచ్చేది. తీగ మీద చొక్కా లేదేమిటి, ఈరోజు ఉతకలేదా అనుకుంటూ నీకోసం వెతికేది. ఆ తర్వాతది నేను రాయలేను.

పసుపు గెలిచింది నిజమే. కానీ గెలిచింది పొట్టు కాదురా అన్నయ్యా, నువ్వు. మూడు గదులకు పోటీ పెట్టి, ఒక గదికి మాత్రం నువ్వు రోజూ ఊడిగం చేస్తే అదేం పోటీ? నా మాట నమ్మి వదిన రేపు పొట్టు నేలే ఉంచేస్తుంది. అది తిరగేయడానికి నువ్వు వెళ్తూనే ఉంటావు. అంటే నా కత్తితో నేను కోసేది కోళ్ళను కాదు.

నువ్వు ఎందుకూ పనికిరావని ఎవరన్నారు? నీ చెయ్యి పడిన కోడికీ పడని కోడికీ తేడా నా వేళ్ళకు తెలిసింది. ఇన్నేళ్ళలో ఏ షెడ్డు నుంచి వచ్చిన కోళ్ళకూ అలాంటి కాళ్ళు చూడలేదు నేను. చూసిన మొదటి నిమిషం ‘మా అన్నయ్య పని!’ అని గర్వపడ్డాను. రెండో నిమిషంలో నువ్వు రోజూ షెడ్డులోకి వెళ్తున్నావని అర్థమైంది.

నేను చెప్పను. నువ్వే చెప్పు. వచ్చే దాణా లారీలో వదిన దగ్గర నుంచి ‘మీ అన్నయ్య చెప్పాడు’ అనే ఉత్తరం నాకు అందాలి. అందకపోతే ఆ లారీలోనే ఎక్కి నేనొస్తాను. మీసాలాయన పక్కన కూర్చుని, దారంతా ఆయన పాటలు విని మరీ వస్తాను. ఆ కోపం ఎవరి మీద చూపిస్తానో నీకు తెలుసు.

చెల్లి


కోళ్ళ షెడ్డు పక్క ఇల్లు,
మంగళవారం.

అమ్మాయ్,

మీ అన్నయ్య చెప్పాడు.

ఎలా చెప్పాడనుకున్నావు? నేను కుట్టు మిషను దగ్గర కూర్చుని ఉంటే వచ్చి, “నువ్వు మిషను తొక్కడం ఆపకు, ఆ చప్పుడులో చెప్తాను” అన్నాడు. నేను తొక్కుతూనే ఉన్నాను. తొట్టి దగ్గర కూలబడ్డానని చెప్పేసరికి నా కాలు ఆగిపోయింది. అప్పటికే సూది వేలికి గుచ్చుకుంది, అది కూడా తర్వాత చూసుకున్నాను.

అప్పుడు తిట్టానమ్మా. నాకు ఇన్ని తిట్లు వచ్చని నాకే తెలియదు. “నా నెత్తి మీద చెయ్యి పెట్టావు కదయ్యా!” అన్నాను.

“ఎడం చెయ్యి పెట్టాను” అన్నాడు.

“నవ్వించకు. నేను నవ్వను.”

“నవ్వొద్దులే. తిట్టు. కానీ చొక్కాలు ఉతికింది మాత్రం అబద్ధం కాదు, శుభ్రంగానే ఉతికాను.”

అంతే, ఏడుపు ఆగలేదు నాకు. నేను చూసి మురిసిపోయిన ప్రతి చొక్కా వెనకా ఈయన ఒక రోజు ఊపిరి పోయిందన్నమాట. దాణా తగ్గిందేమోనని చూసుకున్నాను గానీ మనిషి తగ్గిపోవడం చూసుకోలేదు. కుర్చీ ఎత్తి వాకిట్లోకి విసిరేసి, “వెళ్ళు, నా కంటికి కనబడకు. షెడ్డులోకి మాత్రం వెళ్ళావో, నేను పుట్టింటికి పోతాను” అన్నాను. ఈ వయసులో నాకు పుట్టింట్లో ఎవరున్నారులే, కోపంలో నోటికొచ్చింది.

ఆయన కుర్చీ ఎత్తుకుని పోయాడు. ఎంతసేపటికీ రాడు. షెడ్డు తలుపు తీసి చూశాను, లేడు. వెనక్కి తిరిగి పెరటి వైపు వెళ్ళాను.

ఆ తలుపు గది కోళ్ళు ఉన్నాయి చూడు, తూకం చాలక వారం ఆపినవి, గడప దాటనని మొండికేసినవి? వల నీడలో మీ అన్నయ్య కుర్చీ వేసుకుని కూర్చుని, నన్ను తిట్టుకుంటూనో ఏమో, దాణా డబ్బా మూత మీద వేళ్ళతో కొడుతున్నాడు. చుట్టూ కోళ్ళు! కొన్ని గడ్డి పీకుతున్నాయి, కొన్ని మట్టిలో పొర్లుతున్నాయి, ఒకటి ఆయన చెప్పు మీద ఎక్కి కూర్చుంది. గడప దగ్గర ఇంకా ఒక గుంపు ‘మేమూ రామా?’ అన్నట్టు మెడలు చాస్తోంది. ఆయన లేచి పెరటి చివరికి నడిచాడు. అవన్నీ లేచి వెనకే బయల్దేరాయి.

బయట పులీ లేదు, ఏమీ లేదు. ఇన్నాళ్ళూ బయట కూర్చునే మనిషి లేడు, అంతే. నన్ను చూసి ఆయన, “షెడ్డులోకి వెళ్ళలేదే, ఒట్టు. ఈసారి రెండు చేతులూ పెడతాను” అన్నాడు.

డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. అంతా విని ఆవిడ కాసేపు ఆయన్ను తిట్టింది, నాకు చాలా తృప్తిగా అనిపించింది. తర్వాత, “ఆరుబయట, గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని, మాస్కు కట్టుకుని కూర్చుంటే కూర్చోనివ్వండి” అంది. ఈసారి చీటీ నా దగ్గరే ఉంది.

కాబట్టి తేల్చేశాను. జాలీ వద్దు. షెడ్డు పొడవునా తలుపులే. కోళ్ళు పగలంతా బయట ఉంటే లోపల పొట్టు అంతగా తడవదు. తిరగేయడానికి వారానికి రెండు సార్లు ఒక కూలీ మనిషి గట్టి మాస్కు పెట్టుకుని వస్తాడు. కోడి ఆలస్యంగా పెరుగుతుందా, పెరగనీ. రొమ్ము చిన్నదవుతుందా, అవనీ. సూపర్‌వైజరు ‘నష్టపోతారమ్మా’ అన్నాడు. “మా ఇంట్లో ఇంతకంటే పెద్ద నష్టం తప్పింది నాయనా” అన్నాను. ఆయనకేం అర్థమైందో గానీ టీ తాగి వెళ్ళిపోయాడు.

నీ మీద కూడా కోపంగా ఉంది. నాకంటే ముందు తెలిసి వారం దాచావు. కానీ ఆయన చేతే చెప్పించావు చూడు, అది నేనైతే చేయలేకపోయేదాన్ని. నువ్వు దగ్గరుంటే వాటేసుకునేదాన్ని.

నీ వదిన


కోత కేంద్రం, మేడ మీది గది,
రెండో విడత కోళ్ళు వచ్చిన రోజు.

వదినకూ, అన్నయ్యకూ, కలిపి,

కోశాను. ముందు చెడ్డ కబురు చెబుతాను. మీరు పోయినసారికంటే వారం పైన పెంచినా బరువు అంతంతమాత్రమే. రొమ్ము చిన్నది, మా మేనేజరు కాటా వైపు చూసి మూతి ముడిచాడు. మంచి కబురు, బొబ్బ ఒక్కటి లేదు, పారేసింది దాదాపు ఏమీ లేదు. పొట్ట కొవ్వు వేలి మందం కూడా లేదు. తొడ కండ చూసి కోడిమాంసం దుకాణం అతను ‘ఇవి ఏ షెడ్డువి? నాకు ఇవే పంపండి’ అన్నాడు. ధర దగ్గర గీచి గీచి బేరమాడాడు, మీరు గట్టిగా ఉండండి. జాలీ కోడికి వచ్చే తూకం మీకు ఎప్పటికీ రాదు. అది ముందే అనుకున్నాం కదా.

ఇంకో సంగతి. ఈసారి దారాలు లేవు కాబట్టి మీ బుట్టల్లోంచి చేతికందిన పది కోళ్ళను తీసి పక్కన పెట్టాను. ఏం చూద్దామనో మీకు తెలుసు. మాట మీద నమ్మకం లేక కాదు వదినా. సరే, లేకే. ఈయన ఒకసారి ఎడం చెయ్యి పెట్టిన మనిషి.

కాళ్ళు తిప్పి చూశాను. పదింటికి పదీ మట్టికాళ్ళు! వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద అంతా ఎండిన మట్టి, ఒకదానికి గడ్డిపోచ కూడా. కడిగే తొట్టి దగ్గర మనిషి ‘ఎక్కడ దొర్లించి తెచ్చారమ్మా వీటిని, నీళ్ళన్నీ పాడయ్యాయి’ అని నా మీద కేకలేశాడు. వేయనీ అని నిలబడ్డాను. మా అన్నయ్య పగలంతా ఆరుబయట గాలిలో కూర్చున్నాడని ఆ మట్టి చెబుతుంటే నాకు ఇంకేం వినబడలేదు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకు గ్లవ్స్, అవతల లైను ఆగదు. అలాగే కోశాను.

అన్నయ్యా, దిండ్లు తీసేసి పడుకుంటున్నావని వదిన రాసింది. మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కావనీ రాసింది. చాలా సంతోషం. కానీ చొక్కాలు ఉతకడం మానేశావట, విప్పి మళ్ళీ కుర్చీ మీద పడేస్తున్నావట. నువ్వు చేసిన దొంగ పనుల్లో మంచిది అదొక్కటే. దాన్ని మానకు.

మీ చెల్లి